వరండాలో గడియారాలాయన

ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ నవలలు రాస్తారు. పొద్దున వంటపని అవగానే పెద్దకోడలు ముందుగదిలో, చిన్నకోడలు వంటింటి బల్ల దగ్గర కూర్చుంటారు.

పెద్దామెది పక్కా లెక్క. మొదటి వాక్యం రాయకముందే ఏ అధ్యాయంలో ఎవరికి ఏమవుతుందో చీటీలు రాసి గోడకు అంటిస్తుంది. అంటించిన రోజే ఆ నవల్లోని మనుషులంతా వచ్చి వరండాలో కూర్చుంటారు. తమ కథ ముగిసినవాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. పాలవాడు వాళ్ళ కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని వస్తాడు.

చిన్నామెకు రేపేం రాస్తుందో ఆమెకే తెలియదు. ఓ వాక్యం రాస్తుంది, రెండు కొట్టేస్తుంది, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ఆమె మనుషులు ఎప్పుడో ఒకరు దారి తప్పినట్టు వస్తారు. వచ్చినవాళ్ళు ఓ పట్టాన పోరు.

"నీకంటే నత్త నయం. మీ అక్క మూడో పుస్తకం ముగించింది. నీ మొదటిది ఎప్పటికి తెములుతుందే?" అని అత్తగారు రోజూ దెప్పేది.

ఈసారి పెద్దకోడలి మనుషుల్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడు. చివరి అధ్యాయంలో ఆయన చనిపోతాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చీటీ చదువుకున్నాడు. ఊరికే కూర్చోలేక, మామగారు పోయినప్పటినుంచీ ఆగిపోయి ఉన్న గోడగడియారం విప్పాడు. అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని మరలు అందించేది. ఆమె అంతగా నవ్వడం ఇంట్లోవాళ్ళు చూసి చాలాకాలమైంది.

వరండా ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి ఆయనొక్కడే మిగిలాడు.

"ఆయన్ని వదిలెయ్యవే," అంది అత్తగారు.

"కుదరదత్తయ్యా. మొదటి పేజీ నుంచీ ఆ చావుకోసమే కట్టుకొచ్చాను." పెద్దకోడలికీ బాధగానే ఉంది. టీ తాగిన గ్లాసు తనే కడిగిపెట్టే మనిషి ఆయన. అయినా రేపే ఆ అధ్యాయం.

అత్తగారు వంటింట్లోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక గోడకు ఆనుకుని నిలబడింది. చిన్నకోడలు ఆ మొహం చూసింది. ఆమె నవల అప్పటికి ముగింపుదాకా వచ్చింది. ఇంకో పేజీ రాస్తే చాలు. ఆ పేజీకోసం ఆమె ఏళ్ళతరబడి ఎదురుచూసింది.

లేచి ముందుగదిలోకి వెళ్ళింది.

"అక్కా, ఆయన్ని నాకిచ్చెయ్."

"మరి నా ముగింపో?"

"ఖాళీ కుర్చీ రాయి. సరిపోతుంది."

"నీది అయిపోవచ్చిందిగా?"

"ఎక్కడక్కా! గడియారాలాయన ఇప్పుడేగా వచ్చాడు."

పెద్దకోడలు లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆయన చీటీ పీకి తోడికోడలి చేతిలో పెట్టింది.

పెద్దకోడలి నవల అచ్చయింది. ఖాళీ కుర్చీ దగ్గర ఏడ్చామని చాలామంది ఉత్తరాలు రాశారు. వరండాలో గడియారం ఇంకా విప్పే ఉంది, పెద్దాయన ఇంకా ఏదో మర వెతుకుతూనే ఉన్నాడు.

అత్తగారు రోజూ టీ తెచ్చి చిన్నకోడలి పక్కన పెడుతుంది. ఎప్పుడైనా పెన్ను చురుగ్గా కదులుతుంటే కంగారుపడి చెయ్యి పట్టుకుంటుంది.

"ఏం కొంపలు మునిగిపోతున్నాయమ్మా? నెమ్మదిగా రాయి."