బావ లాగిన తాడు

కండక్టరు మళ్ళీ పైపు పీకేసుకున్నాడు.

ఆ మాట నర్సు బయటికొచ్చి చెప్పేసరికి, బెంచీ మీద కునికిపాట్లు పడుతున్న డ్రైవరుకు తలప్రాణం తోకకొచ్చింది. పీకి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. పీకిన ప్రతిసారీ ముక్కులోంచి కొత్త పైపు దించాలి. అది కడుపులోకే వెళ్ళిందో, దారి తప్పి ఊపిరితిత్తుల్లో దూరిందో ఎక్స్‌రే తీసి చూడాలి. డాక్టరమ్మ సరే అనేదాకా మనిషికి చుక్క ఆహారం ఉండదు. ఈ తతంగం ముగిసేసరికి పూట కాస్తా గడిచిపోతుంది. మెదడులో నెత్తురు గడ్డకట్టి మాట పడిపోయింది, మింగడం మరిచిపోయాడు. ఆ పైపులో పోసే పాలలాంటి ద్రవమే ఆయనకు అన్నమైనా, నీళ్ళయినా. దాన్నే చేతులారా పీకి పారేస్తుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

"చేతులు కట్టేద్దామంటున్నారు బాబాయ్‌గారూ," అంది నర్సు.

"కట్టెయ్యండమ్మా. పీడా పోతుంది," అన్నాడు డ్రైవరు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

వీళ్ళిద్దరి సంగతీ కొంచెం చెప్పాలి. డ్రైవరు చెల్లెలి మొగుడే ఈ కండక్టరు. ఒకే బస్సు మీద కలిసి తలలు నెరిసినవాళ్ళు. ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు. ఈ బస్సులో నోరంతా కండక్టరుది, చెవులన్నీ డ్రైవరువి అని ప్రయాణికులు ఎగతాళి చేసేవారు. అది నిజమే. కండక్టరు వాగుడుకాయ. ఎక్కినవాళ్ళనల్లా పలకరించాలి, వాళ్ళింటి సంగతులన్నీ ఆరా తీయాలి. డ్రైవరు నోట్లో నాలుక లేని మనిషి. స్టీరింగు ముందు కూర్చున్నాక తల వెనక్కి తిప్పేవాడు కాదు. వెనక ఏం జరుగుతోందో ఆయనకు బెల్లే చెప్పేది. బస్సు కప్పు పొడవునా ఒక తాడు, దాని చివర డ్రైవరు తల దగ్గర చిన్న బెల్లు. తాడు ఒకసారి లాగితే ఆపు. రెండుసార్లు లాగితే పోనీ.

మొదట్లో డ్రైవరు అడిగేవాడు, ఇప్పుడెందుకు ఆపమన్నావని. "ముందు ఆపు బావా. కారణం తర్వాత చెబుతా," అనేవాడు కండక్టరు. ఒకసారి ఇలాగే ఒక బెల్లు కొడితే, ఆలస్యమైపోతోందని తిట్టుకుంటూనే బ్రేకు తొక్కాడు. దిగి చూస్తే వెనక చక్రం పక్కన చిన్నపిల్ల, జారిపోయిన చెప్పు తీసుకుంటోంది. ఆ రోజు తర్వాత డ్రైవరు మరి కారణం అడగలేదు.

సరే, చేతులు కట్టాక డ్రైవరు లోపలికి వెళ్ళాడు. రెండు మణికట్లకూ మెత్తటి గుడ్డ చుట్టి మంచం కడ్డీలకు ముడేశారు. ఎడం చెయ్యి బుద్ధిగా పడుంది. కుడి చెయ్యి మాత్రం పైకి లేస్తోంది, గుడ్డ లాగి పట్టేసరికి పడిపోతోంది, మళ్ళీ లేస్తోంది. చూడలేక డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

"చాలామంది ముక్కు దగ్గర దురద పుట్టి పీక్కుంటారు," అంది నర్సు, దిండు సర్దుతూ. "ఈయన ముక్కు జోలికే పోరు, అదే విచిత్రం. పైకి చూస్తారు. స్టాండుకు తగిలించిన సంచీ నుంచి పైపు వేలాడుతుంది చూడండి, దాన్ని పట్టుకుంటారు. లాగి వదిలేసి మళ్ళీ లాగుతారు. ఆ రెండో లాగుడికి ముక్కులోది ఊడొస్తుంది."

డ్రైవరు ఆ వేలాడే పైపు వంక చూశాడు. సరిగ్గా కండక్టరు చెయ్యి చాపితే అందేంత ఎత్తులో ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బస్సు పోనిమ్మంటున్నాడమ్మా," అన్నాడు. "నేనేమో చేతులు కట్టించాను."

నర్సుకు అర్థమయ్యేలా చెప్పడానికి కాసేపు పట్టింది. విన్నాక ఆ పిల్ల నవ్వలేదు. ఆహారం సంచీని కండక్టరు తల వెనక్కి, చెయ్యి అందని వైపుకు మార్చింది. బ్యాండేజీ గుడ్డ పొడుగ్గా చింపి, కుడివైపు ఇంకో స్టాండుకు కట్టి వేలాడదీసింది. డ్రైవరు జేబులోంచి తాళాల గుత్తి తీసిచ్చాడు. దాన్ని మందునీళ్ళతో బాగా తుడిచి గుడ్డ పైకొసకు ముడేసింది. పక్కన ఎప్పుడూ ఒక మనిషి కూర్చుంటేనే కట్లు విప్పుతానంది డాక్టరమ్మ. కూర్చోవడం డ్రైవరుకు కొత్తా?

కట్లు విప్పారు. చెయ్యి లేచింది. గుడ్డ దొరికింది. గుత్తి రెండుసార్లు గలగలమంది.

"పోనిస్తున్నా బావా," అన్నాడు డ్రైవరు. కండక్టరు చెయ్యి దించి కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత పైపు ఊడలేదు. రోజుకు ఎన్నోసార్లు గుత్తి మోగేది, డ్రైవరు పోనిచ్చేవాడు. చెల్లెలు మాత్రం ఒంటికాలి మీద లేచింది. "ఆయనకంటే మతి లేదు, నీకేం రోగం అన్నయ్యా? ఇద్దరూ కలిసి ఆసుపత్రిలో బస్సు నడుపుతున్నారా?" అంది. వచ్చిన ప్రతిసారీ ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న. "తిన్నాడా?" తిన్నాడు అంటే ఆవిడ మొహం కాస్త విప్పారేది. కాపురం మొదలైన నాటి నుంచీ, బండి దిగి ఎంత పొద్దుపోయి వచ్చినా, మొగుడు తినందే ముద్ద ముట్టని మనిషి ఆవిడ. పోట్లాడుకున్న రోజు కూడా కంచం ఆయన ముందు ఠపీమని పెట్టి, తినేదాకా కదిలేది కాదు.

కొన్నాళ్ళు నడిచింది. ఆ తర్వాత కడుపు మొరాయించింది.

ఆహారం పెట్టే ముందు నర్సు సిరంజితో పైపులోంచి లాగి, కడుపులో ఎంత మిగిలిందో చూసేది. పొద్దున పోసింది మధ్యాహ్నానికి అలాగే వెనక్కి రావడం మొదలైంది. చుక్కలు చుక్కలుగా పెట్టి చూశారు. కడుపు కదిలే మందు ఇచ్చారు. పైపును ఇంకా లోపలికి, పేగుదాకా దించారు. పొట్ట ఉబ్బింది తప్ప ఒంటికి పట్టలేదు. ఒకరోజు వాంతై కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. జ్వరం, ఆయాసం, మొహానికి మాస్కు. మూత్రపిండాలు కూడా చేతులెత్తేశాయి.

డాక్టరమ్మ అన్నాచెల్లెళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. "ఇక ఆహారం ఆపేద్దామండీ. అది ఆయనకు బలం ఇవ్వడం లేదు, బాధ పెడుతోంది. ఆపితే ఆకలితో పోతారని అనుకోకండి. పోతున్నారు, అందుకే ఆ ఒంటికి ఆకలి లేదు."

"అన్నం పెట్టకుండా చంపుతారా?" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "అన్నయ్యా, నువ్వు చెప్పు. నువ్వు చెబితే ఆయన చెప్పినట్టే. ఆపొద్దని చెప్పు."

డ్రైవరు ఇన్నేళ్ళూ కంచం పెట్టిన చెల్లెలి చేతులు చూశాడు. "ఆపనివ్వనులే," అన్నాడు. సాయంత్రం వచ్చినప్పుడు మాట చెప్పమని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చెల్లెలు స్నానానికి ఇంటికెళ్ళింది. డ్రైవరు ఒక్కడే పక్కన కూర్చున్నాడు. డాక్టరమ్మతో ఏమనాలో లోలోపల కూడబలుక్కుంటున్నాడు. గుత్తి మోగి రెండు రోజులైంది, కండక్టరుకు చెయ్యెత్తే ఓపికే లేదు. అలాంటిది ఆ చెయ్యి కదిలింది. దుప్పటి మీద పాకి, గుడ్డ కొసను వెతుక్కుంది. డ్రైవరు సాయం చేయబోయి ఆగాడు. వేళ్ళు గుడ్డను పట్టుకున్నాయి. లాగాయి.

గుత్తి గలగలమంది.

డ్రైవరు రెండోదాని కోసం చూశాడు. ఎప్పుడైనా రెండోది వెంటనే వచ్చేది. చెయ్యి గుడ్డను వదిలేసి దుప్పటి మీద పడింది. డ్రైవరు కుడికాలు దానంతటదే నేలను గట్టిగా తొక్కి పట్టింది.

"ఎందుకు బావా?" అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగాడు. డ్రైవరు కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు.

సాయంత్రం డాక్టరమ్మతో ఆపెయ్యమని చెప్పాడు. చెల్లెలు నిలబడ్డ చోటే నిలబడిపోయింది. ఏమైందో చెప్పాడు.

"రెండోది లాగే ఓపిక లేకపోయిందేమో?" అంది ఆవిడ.

"లేకపోయిందేమో."

"మరి తెలిసీ..."

"ముందు ఆపాలి చెల్లీ. బావ ఎప్పుడూ అంతే చెప్పేవాడు."

చెల్లెలు ఇక అన్నతో మాట్లాడలేదు. ఆహారం సంచీ తీసేశారు, ముక్కులో పైపు తీసేశారు. చాలారోజుల తర్వాత కండక్టరు మొహం తన మొహంలా కనిపించింది. చెల్లెలు మంచానికి అవతల కూర్చుని, దూది తడిపి ఆయన పెదాలు తుడుస్తూ ఉండేది. పొట్ట ఉబ్బు తగ్గింది. మూలుగు ఆగింది. ఆవిడ అది గమనించిందని డ్రైవరు గమనించాడు. అయినా ఆవిడ ఇటు తల తిప్పలేదు. డ్రైవరు బతిమాలుకోనూ లేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలతాడు? తను తప్పు చేశాడో ఒప్పు చేశాడో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, ఆ మనిషికి మాట లేదు.

మూడోనాడు ఎండ వాలే వేళకు కండక్టరు ఊపిరి ఆగింది. ఏ హడావిడీ లేకుండా ఆగింది. నర్సు వచ్చి చూసి, దుప్పటి సర్ది, కాసేపు నిలబడి వెళ్ళింది. చెయ్యాల్సినవన్నీ ఉన్నాయి, ఎవరెవరికో కబురు చెప్పాలి, బండి మాట్లాడాలి. డ్రైవరు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కుడికాలు నేలకు నొక్కిపెట్టి కూర్చున్నాడు.

"అన్నయ్యా," అంది చెల్లెలు. ఆ రోజు తర్వాత అదే మొదటి మాట. "లే."

"ఆయన ఆపమన్నాడు," అన్నాడు డ్రైవరు. "ఆపేశాను. పొమ్మనలేదమ్మా నన్ను. పొమ్మనందే ఎప్పుడూ కదల్లేదు నేను."

చెల్లెలు నేలను తొక్కిపట్టిన అన్న కాలి వంక చూసింది. ఆవిడ మంచం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. పిచ్చి వేషాలని తను తిట్టిన ఆ బ్యాండేజీ గుడ్డను పట్టుకుంది. ఒకసారి లాగింది. వదిలి, మళ్ళీ లాగింది.

డ్రైవరు నేల మీద నుంచి కాలు తీశాడు.