ఉత్తగనే

జొన్నపిండి తడిపి మొదటి రొట్టె పెనం మీద వేశానో లేదో ఫోన్ మోగింది. రెండు చేతులకూ పిండే. చిటికెన వేలితో నొక్కి స్పీకర్ పెట్టాను. బెంగళూరు ఫౌండేషన్ నుంచి శ్రీదేవి మేడం. మా యూనివర్సిటీ పంపిన ప్రాజెక్టు నిధుల ఎంపికలో చివరి దశకు వచ్చిందన్న శుభవార్త ముందు చెప్పి, ఆ తర్వాత అడిగిందావిడ. "హారిక గారూ, మూడేళ్లుగా ఉత్తరాలన్నీ మీరే రాస్తున్నారు, ఫోన్ నంబరూ మీదే. కానీ పరిశోధకుల జాబితాలో మీ పేరు లేదే? ఇందులో మీరు చేసిందేమైనా ఉంటే చెప్పండి, ఈ రెండు రోజుల్లో చేరుస్తాం."

జాబితా పేజీ నింపి పంపింది మా హెడ్డు సారు; నా పేరు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముందు గదిలోంచి అత్తమ్మ, "రొట్టె మాడుతాంది, ఎవరితోటి గా ముచ్చట?" అని కేకేసింది. ఇటు మేడం ఎదురుచూస్తోంది, అటు పెనం పొగలు కక్కుతోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "ఏం లేదు మేడం, నేను ఉత్తగనే జర రాసిచ్చిన. అంతా మా సారే."

"ఓహో, అలాగా. సరేనండీ," అని పెట్టేసింది. రొట్టె తిప్పాను. ఒక పక్క నల్లగా మాడిపోయింది. దాన్ని నా కంచంలో వేసుకున్నాను, ఎప్పటిలాగే.

పాలమూరులో యూనివర్సిటీ, సమాజశాస్త్ర విభాగం, నేను అక్కడ పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. వీరేశం సార్ మా హెడ్డు. మాలాంటి విభాగాలకు ఫౌండేషన్ల దగ్గర నిధులు తేవడమంటే ఏమిటో పడ్డవాళ్లకే తెలుసు. బోరింగులు వేస్తామంటే ఇస్తారు, కుట్టు మిషన్లు పంచుతామంటే ఇస్తారు. నేత ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని గురించి వాళ్లనే అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుంటామంటే, "రాసుకుని?" అని అడుగుతారు. ఒకాయనైతే దీనిమీద ఏదైనా యాప్ చేయగలరా అన్నాడు. అయినా మూడేళ్లలో ఎన్ని చోట్లకు రాశానో, ఎన్నిసార్లు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టానో. ఇంట్లో నాకో బల్ల లేదు. గ్యాస్ పొయ్యి పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ రాశాను. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ప్రమోద్ నా గురించి నవ్వుతూ చెప్పేది ఒకటే మాట: "ఇంట్ల ఉత్తగ కూసోలేక కాలేజికి పోతాంది." వాళ్లూ నవ్వేవాళ్లు. టీ కప్పులు తీసుకెళ్తూ నేనూ నవ్వేదాన్ని.

ఆ ప్రాజెక్టు అసలు పుట్టింది కొత్తకోటలో, మా అమ్మ దగ్గర. అమ్మ పేరు మల్లమ్మ. మా నాయిన వెంకటనర్సు పట్టుచీరలు నేసేవాడు. నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టకముందే అమ్మ పట్టు దారం కండెలకు చుట్టి పెట్టేది. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత పడుగు, అయిపోయి కొత్త పడుగు వస్తే, వేళ్లకు బూడిద అద్దుకుని వేల పోగులు ఒక్కొక్కటిగా అతికేది. ఎనిమిదేళ్ల కింద, పీహెచ్‌డీ కోసం మొదటి ఇంటర్వ్యూ అమ్మతోనే చేద్దామని కాగితాలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ఏం పని చేస్తవమ్మా?"

"నేనేం జేస్త బిడ్డా. ఉత్తగనే ఉంట."

కాగితం మీద 'గృహిణి' అని రాయబోయాను కూడా. అంతలో అమ్మ చేతులు కనిపించాయి. బొటనవేళ్ల మీద బూడిద, గోళ్ల పక్కన పోగులు కోసిన సన్నని గీతలు. "మరి ఇయ్యాల పొద్దుగాల లేచినకాడికెంచి ఏమేం చేసినవ్?" అని అడిగాను. అమ్మ మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయినా ఆ ఒక్క పూట పని చెప్పడం పూర్తికాలేదు. చివరికి తనే ఆశ్చర్యపోయి, "గిన్ని జేస్తనా? నన్నెవ్వరు గిట్ల అడగలే," అంది.

మూడేళ్ల తర్వాత నాయిన పోయాడు. ప్రభుత్వ సాయం అందే చేనేత కార్డు నాయిన పేరు మీదే ఉండేది. అమ్మ పేరు మీదికి మార్పిద్దామని ఆఫీసుకు తీసుకెళ్లాను. బల్ల వెనకాయన తలెత్తి, "మగ్గం నీ భర్తది. నువ్వేం పని జేసినవమ్మా?" అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని, "నేనేం జేస్తి సారూ, ఉత్తగ పోగులతికిన," అంది. ఆయన కాగితం పక్కన పెట్టేశాడు. నేను ఎంత చెప్పినా మళ్లీ చేతిలోకి తీసుకోలేదు. నాకు కడుపు మండిపోయింది. ఆయన మీద కాదు, అమ్మ మీద. బస్టాండులో పదిమంది ముందు అరిచాను. "నీ నోటితోని నువ్వే పోగొట్టుకున్నవ్! నీకు బుద్ధున్నదా అసలు?" బస్సులో అమ్మ కిటికీ వైపు నన్ను కూర్చోబెట్టి, ఊరొచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. కార్డు రాకుండానే అమ్మ రెండేళ్ల కింద పోయింది. ఆ అరుపుకు క్షమాపణ చెప్పనే లేదు నేను. చెప్పాలన్న తెలివి కూడా అప్పుడు లేదు.

అందుకే ప్రాజెక్టు రాసేటప్పుడు పదకొండో పేజీలో, సర్వే చేసేవాళ్లకు సూచనల్లో, గీత గీసి మరీ ఒక నియమం పెట్టాను. 'ఉత్తగనే అన్నది జవాబు కాదు. ఆ మాట దగ్గర ఆగకూడదు. పొద్దుగాల లేచినకాడికెంచి ఏమేం చేసినవ్ అని అడగాలి.' ఫౌండేషన్ వాళ్లకు అన్నిటికంటే నచ్చింది ఆ పేజీయేనట. ఆ పేజీ రాసిన మనిషి ఫోన్‌లో అదే మాట అంటే, రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగమనలేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చి, పీహెచ్‌డీ చేసి, ఆ మాట గురించే వంద పేజీలు రాసి, చివరికి నేనూ అమ్మలాగే నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. ఆ రాత్రి కన్నీళ్లు వచ్చింది పేరు పోయినందుకు కాదు, బస్టాండు గుర్తొచ్చి.

మర్నాడు వీరేశం సార్‌ని అడిగాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పార్ట్‌టైమోళ్ల పేర్లు వెడితే పెద్దోళ్లు ఒప్పుకోరమ్మా. నువ్వంటే మనింటి మనిషివి. పేరుదేమున్నది?" అన్నాడు. జూన్‌లో నా కాంట్రాక్టు మళ్లీ రాయాల్సింది ఆయనే. శ్రీదేవి మేడానికి మెసేజ్ మూడుసార్లు టైపు చేశాను, మూడుసార్లూ చెరిపేశాను. ఇంట్లో చెబితే ప్రమోద్ టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా, "నువ్వే ఏం లేదని చెప్పినవంటివి. మల్ల ఏడుసుడెందుకు?" అన్నాడు. అబద్ధమేమీ కాదు. అమ్మతో నేనన్నదీ అదే కదా.

నిధుల మంజూరు ఆర్డరు వచ్చింది. వీరేశం సార్ ముఖ్య పరిశోధకుడు, ఇంకో ప్రొఫెసర్ సహ పరిశోధకుడు. నా పేరు అడుగున ఉంది, 'టైపింగ్ సహకారం' అని.

నెల తర్వాత ప్రారంభ సమావేశం. శాలువాలు, పూలగుత్తులు, సమోసాలు నా వంతు. సర్వేకి తీసుకున్న ఆరుగురు ఆడవాళ్లకు శిక్షణ కూడా, "జర ఉత్తగ నువ్వే చెప్పు హారికా," అన్నాడు సార్. బెంగళూరు నుంచి శ్రీదేవి మేడం వచ్చింది. ఆరుగురిలో కొత్తకోట గుర్వమ్మ ఉంది, అమ్మతో కలిసి పడుగులు అతికిన మనిషి. నన్ను చూసి, "అచ్చం మల్లమ్మనే," అని కళ్లు తుడుచుకుంది.

ప్రశ్నలు ఎలా అడగాలో ఒకసారి చేసి చూపిద్దామంది శ్రీదేవి మేడం. "నేను అడుగుతాను, మీరు చెప్పండి హారిక గారూ. నటించొద్దు, మీరు మీరుగానే చెప్పండి." కాగితం తీసి, ఎదురుగా కుర్చీ జరుపుకుంది. వీరేశం సార్ వెనక వరుసలో చేతిలో సమోసాతో నిలబడి ఉన్నాడు.

"మీరేం పని చేస్తారమ్మా?"

నిజం చెప్తున్నాను, ముందే అనుకుని అన్న మాట కాదు. అలవాటుగానే వచ్చింది. "నేనేం చేస్త మేడం... ఉత్తగనే..."

ఆడవాళ్లు ఆరుగురూ నవ్వారు. శ్రీదేవి మేడం కూడా నవ్వి, పెన్ను కాగితం మీద పెట్టి ఏదో రాయబోయింది. ఆ పెన్ను వైపే చూశాను. ఆఫీసు బల్ల మీద పక్కకు జరిగిన అమ్మ కాగితం కళ్ల ముందు కదిలింది. ఇది దాటితే మళ్లీ నన్ను ఎవరూ అడగరు. జూన్‌లో రాయాల్సిన కాంట్రాక్టు గుర్తొచ్చింది. అయినా చెయ్యి చాచి ఆ కాగితం మీద పెట్టాను.

"గది రాయకుండ్రి మేడం. పదకొండో పేజీ తీయండి."

నవ్వులు ఆగాయి. ఆవిడ పేజీలు తిప్పింది. గీత గీసిన చోట వేలు పెట్టి లోపల చదువుకుని, తలెత్తి నన్ను చూసింది. ఫోన్‌లో నేనన్న మాట గుర్తొచ్చినట్టుంది. వెనక నుంచి వీరేశం సార్, "టీ చల్లారుతాంది హారికా, జర చూడు," అన్నాడు. నేను లేవలేదు. గుర్వమ్మే లేచి ఫ్లాస్కు దగ్గరికి వెళ్లింది.

శ్రీదేవి మేడం మెల్లగా, మా యాస ఆవిడ నోట సరిగ్గా తిరగకపోయినా, ఉన్నదున్నట్టు చదివింది. "పొద్దుగాల లేచినకాడికెంచి ఏమేం చేసినవ్?"

కొంగు సర్దుకున్నాను. ఎనిమిదేళ్ల కింద అమ్మ కూడా ఇలాగే మొదలుపెట్టింది.

"గా పేజీ రాసిన మేడం," అన్నాను. "దాని ముందటి పది పేజీలు గూడ నేనే రాసిన. రాసుకోండి, చెప్త."