చీలమండ దగ్గర కొలత

పెద్దబావగారి దృష్టిలో ట్రాక్టరు కొనడమంటే కేటలాగులు పోగెయ్యడం. నెల రోజులుగా ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద కంచం పెట్టుకోడానికి చోటు లేదు. గడ్డిపరక కూడా అంటని టైర్లతో ఎర్ర ట్రాక్టర్లు, నీలం ట్రాక్టర్లు నిగనిగలాడే కాగితాల మీద పోజులిచ్చేవి. ఆయన పట్నంలో ఒక బీమా ఆఫీసులో పని చేస్తారు. శనివారం వస్తారు, మూడు రంగుల పెన్నులతో ఆ బొమ్మల మీద గీతలు గీస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతారు. ఇంట్లో డిగ్రీ ఉన్నది ఆయనొక్కడికే కాబట్టి బండి ఎంపిక ఆయనకే అప్పజెప్పారు మామగారు. చిన్నకోడలు మాత్రం మనసులో ఆయనకి ‘కేటలాగు’ అని పేరు పెట్టుకుంది.

కంచం ఒళ్లో పెట్టుకుని తినడం ఆమెకు పెద్ద కష్టం కాదు. అసలు సంగతి వేరే. కొనబోయే ఆ బండి నడపాల్సింది ఆమె.

ఇంటి వెనక ఏటవాలు నేలలో అరవై ఎకరాల చెట్లున్నాయి. ఇంటిల్లిపాదీ దాన్ని అడవనే అంటారు. ఏటా ఒత్తుగా పెరిగినచోట కొన్ని చెట్లు కొట్టి, దుంగల్ని రోడ్డు దాకా లాగి, సామిల్లుకి అమ్ముతారు. పోయిన వానల్లో పాత ట్రాక్టరు వాలులో పక్కకి దొర్లింది. ఆమె భర్త తుంటి ఎముక విరిగింది. ఆయన ఇక క్లచ్చి తొక్కడం కల్ల అని డాక్టరు తేల్చేశాడు. దున్నడం, లాగడం పుట్టింట్లోనే నేర్చుకుని వచ్చిన చిన్నకోడలు తప్ప ఆ సీటు ఎక్కేవాళ్లు ఇంకెవరూ లేరు. ఈసారి ఎంపిక తప్పితే విరిగే రెండో తుంటి తనదేనని ఆమెకి తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టినట్టు లేదు.

భర్త మీద కూడా ఆమెకి జాలి సగమే. సీటు వెనక నిలబడి ఉండే ఇనుప చట్రం బండి దొర్లినా మనిషి నలక్కుండా కాపాడేది. కొమ్మలకి తగులుతోందని దాన్ని మడిచేసి తిరిగాడు మహానుభావుడు. గొడుగు మూసుకుని వానలోకెళ్లి తడిశానని ఏడ్చినట్టు.

శనివారం పొద్దున మామగారు, బావగారు, ఆమె షోరూముకి వెళ్లారు. అద్దాల గది, నేల మీద మొహం కనపడేంత నునుపు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాలో ఉన్న అమ్మకాలాయన మామగారికి కుర్చీ వేయించాడు, బావగారికి చెయ్యి కలిపాడు, ఆమెని చూసి మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

"సార్, మీరు ఫోన్లో చెప్పిన ముప్పై అయిదు హెచ్‌పీ బండి ఇదే. ఏసీ క్యాబిను. పాటలు పెట్టుకోవచ్చు. కాఫీ కప్పు పెట్టుకోడానికి కూడా చోటుంది."

బావగారు ఆ కప్పు గూట్లో వేలు పెట్టి చూశారు. సంతృప్తిగా తల ఊపారు.

"నడిపేది ఎవరు సార్, మీరేనా?"

"మా మరదలు."

తెల్లచొక్కా ఆమె వైపు తిరిగి, చంటిపిల్లతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. "అయితే ఇంకేం మేడమ్, ఇది స్కూటీ లాంటిదే. గేర్ల గోల లేదు. లోపల కూర్చుంటే ఎండ తగలదు, రంగు తగ్గదు."

ఆమె చీర కొంగు నడుముకి దోపుకుని, ఆ నునుపు నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరింది. తెల్లచొక్కా నోరు తెరిచాడు. బావగారు ఈ మనిషితో తనకేం సంబంధం లేదన్నట్టు గోడ మీది పోస్టరు చదవసాగారు.

కింద ఆమె చూడాల్సింది చూసింది. ఇంజిను అడుగున రేకు లేదు. నూనె గొట్టాలు పేగుల్లా వేలాడుతున్నాయి. అడవిలో నరికిన మొద్దు ఒక్కటి చాలు, వాటిని తెంపి చేతిలో పెట్టడానికి. పక్కకి తిరిగి చూస్తే టైర్ల గాలి మూతులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. మొదటి పుల్లకే ఎగిరిపోతాయి. ఇక ఆ క్యాబిను అద్దాల సంగతి కొమ్మలే చూసుకుంటాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలనుకుని బయటికి వచ్చి కొంగు దులుపుకుంది.

"ఏంటమ్మా, కింద ఏం దొరికింది?" అన్నారు బావగారు.

"ఏమీ దొరకలేదు బావగారూ. అదే చెప్తున్నా. అడుగున రేకు ఉండాలి, లేదు. వెడల్పెంత ఇది?"

"నాలుగడుగుల ఎనిమిదంగుళాలు," అన్నాడు తెల్లచొక్కా.

"జోడుచెట్ల మధ్య నుంచి పోదు."

జోడుచెట్లంటే అడవి నడిమిన వాలు మీద పక్కపక్కనే నిలబడ్డ రెండు ముసలి చెట్లు. వాటికి ఒక పక్క బండరాయి, ఇంకో పక్క వాగు. కింది సగం అడవికి పోవాలంటే ఆ సందే దారి. కొట్టేద్దామా అంటే ఆ రెండిటి వేళ్లే గట్టుని పట్టుకుని ఉన్నాయి.

బావగారు ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు జేబులోంచి కాగితం తీశారు. "కొలవకుండా వచ్చాననుకున్నావా? పోయిన ఆదివారం నాన్నా, నేనూ వెళ్లి టేపు పెట్టాం. సరిగ్గా అయిదడుగులు. ఇంకా నాలుగంగుళాలు మిగులు."

"ఎక్కడ కొలిచారు?"

"ఎక్కడేంటి? ఛాతీ ఎత్తులో. చెట్టుని ఎక్కడ కొలుస్తారు మరి?"

మామగారు గంభీరంగా తల పంకించారు. ఆ ఇంట్లో మూడు తరాలుగా కొలతంటే ఛాతీ ఎత్తే. కొనేవాడికి చెట్టు చుట్టుకొలత చెప్పాలన్నా, కొట్టాల్సిన మానుకి గుర్తు పెట్టాలన్నా టేపు ఛాతీ దగ్గరికే పోతుంది. ఆయన ప్యాంటు కొలత కూడా అక్కడే తీసుకుంటారేమోనని ఆమెకి ఒకోసారి అనుమానం.

"బండి ఛాతీతో నడవదు మామయ్యా, చక్రాలతో నడుస్తుంది," అంది ఆమె. "వేళ్లు కింద ఉబ్బి ఉంటాయి. చీలమండ దగ్గర కొలవాలి."

"అమ్మాయ్," అన్నారు మామగారు, "నువ్వీ ఇంటికొచ్చి పదకొండేళ్లు. నేను చెట్లు కొలవడం మొదలెట్టి యాభై ఏళ్లు."

"చీలమండ కొలతంట," అని బావగారు తెల్లచొక్కాకి కన్ను గీటారు. "పట్టీలు చేయించేటప్పుడు చెప్తాలే."

తెల్లచొక్కా పకపకా నవ్వాడు. సరుకు అమ్ముకునేవాడి నవ్వుకి ఖర్చేం ఉంది.

ఆమె ఒక్క మాటే అంది. "మీ ఇష్టం బావగారూ. కొనేముందు బండిని ఒకసారి అడవికి తెప్పించండి. జోడుచెట్లు దాటించండి. దాటితే నేను నోరెత్తను."

"తెప్పిస్తాం. నేనే నడిపి చూపిస్తా," అన్నారు కేటలాగు బావగారు.

అమ్మకాలాయన ఒప్పుకుని, బండికి దెబ్బ తగిలితే ఖర్చు మాదే అనే కాగితం మీద బావగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె షోరూము వెనక రేకుల షెడ్డులోకి తొంగి చూసింది. అక్కడ దుమ్ము కొట్టుకుని ఒక పొట్టి పాత బండి ఉంది. క్యాబిను లేదు, సీటు మీద చిరుగు. ఇరవై అయిదు హెచ్‌పీ. అడుగున మందపాటి రేకు. సీటు వెనక మడత పెట్టడానికి వీల్లేని చట్రం. చక్రాల రిమ్ములు తిప్పి బిగిస్తే వెడల్పు తగ్గే రకం.

"అది పెరట్లో గడ్డి కోసే బండి మేడమ్, మీ స్థాయికి తగదు," అన్నాడు తెల్లచొక్కా.

మా స్థాయి నీకెవరు చెప్పారు నాయనా అనుకుని, ఆమె మూరతో దాని వెడల్పు కొలుచుకుంది, రిమ్ములు తిప్పితే ఎంతకి తగ్గుతుందో సీటుకి వేలాడే చీటీలో చదువుకుంది.

మర్నాడు పొద్దున ఏసీ బండి లారీ దిగింది. బావగారు కొత్త బూట్లు వేసుకున్నారు. క్యాబినులో కూర్చుని ఏసీ పెట్టుకున్నారు, పాటలు పెట్టుకున్నారు, కప్పు గూట్లో కాఫీ పెట్టుకున్నారు. ఇంక పెట్టుకోనిది సీటు బెల్టు ఒక్కటే. ఆమె తలుపు తట్టి బెల్టు చూపించింది. పెళ్లికి పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసి బిగించుకున్నారు.

వాలు మీద ఆయన బాగానే దిగారు. ఆ మాట ఒప్పుకోవాలి. మామగారు, తెల్లచొక్కా, ఆమె వెనకాల నడిచారు. జోడుచెట్ల దగ్గరికి రాగానే బావగారు అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించి, సందులోకి పోనిచ్చారు.

ముందు చక్రాలు చిన్నవి, లోపలికి దూరాయి. వెనకవి దూరలేదు. రెండు పక్కలా ఏనుగు పాదాల్లా ఉబ్బిన వేళ్ల మధ్య టైర్లు బిరడాలా బిగుసుకున్నాయి. అక్కడితో ఆగినా పరువు దక్కేది. ఆయన ఇంకా తొక్కారు. ఎడమ చక్రం గురగురమంటూ వేరు మీదికి పాకింది. బండి కుడికి ఒరిగి, క్యాబిను వెళ్లి మానుకి ఆనుకుంది. కుడి పక్క అద్దం మీద సాలెగూడు లాంటి పగులు పాకింది.

ఇంజిను ఆగిపోయింది. పాట ఆగలేదు.

ఒక తలుపుని చెట్టు మూసేసింది. రెండోది జానెడు తెరుచుకుని ఇంకో చెట్టుకి తగిలింది. ఆ జానెడు సందులోంచి బావగారి ముక్కు కనిపించింది. కాఫీ అంతా ఆయన చొక్కా మీదే ఉంది.

"అందరూ చూస్తూ నిలబడ్డారేంటి? ఏదైనా చెయ్యండి."

"సార్, బ్రేకు మీద కాలు తియ్యకండి," అన్నాడు తెల్లచొక్కా. ఆ మాట పది గజాల దూరం నుంచి అన్నాడు.

ఆమె దగ్గరికి వెళ్లింది. "బావగారూ, ముందు ఆ పాట ఆపండి. చేతి బ్రేకు లాగండి. ఇప్పుడు వెనక అద్దం కింద పిడి ఉంటుంది, తిప్పండి."

"పిడి ఉందని నీకెలా తెలుసు?"

"కేటలాగులో ఉంది. పద్నాలుగో పేజీ. మీరు గీత గీయలేదు దానికింద."

పట్నం బీమా ఆఫీసులో పదిమందికి పని చెప్పే ఆ పెద్దమనిషి వెనక అద్దంలోంచి తల ముందు, బొజ్జ తర్వాత బయటికి వచ్చారు. ఆమె భుజం మీద కాలు పెట్టి దిగారు. దిగీ దిగగానే చొక్కా సర్దుకుని, చెట్ల వైపు చూసి అన్నారు. "ఒక చెట్టు కొట్టేస్తే సరిపోతుంది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మామగారు నడుము పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీద కూర్చున్నారు. టేపు తీసి, బండి వెనక నుంచి చెయ్యి చాపి, ఒక వేరు నుంచి రెండో వేరు దాకా నేల మీదే పట్టారు. యాభై ఏళ్లలో ఆయన టేపు అంత కిందికి దిగడం అదే మొదలు. చాలాసేపు ఆ అంకెలవైపు చూశారు.

"నాలుగడుగుల అయిదంగుళాలు," అన్నారు నేలతో చెప్తున్నట్టు. తర్వాత టేపు చుట్టి, లేవకుండానే, వెనక్కి తిరక్కుండానే, చిన్నకోడలి వైపు చాపారు. "ఆ రేకుల షెడ్డులో చూశావే, అది ఎంత?"

"రిమ్ములు తిప్పితే మూడడుగుల పదకొండు. రెండు పక్కలా బెత్తెడు మిగులుతుంది. కానీ మామయ్యా, చక్రాలు దగ్గరికొస్తే బండికి దొర్లే గుణం ఎక్కువ. టైర్లలో నీళ్లు నింపాలి, బరువు కిందికి ఉండాలి. వాలుకి అడ్డంగా నేను నడపను. పైన నిలబెట్టి, బండి వెనక చక్రానికి చుట్టుకునే వించి తాడుతో దుంగ లాక్కుంటా. దీనికి ఒప్పుకుంటేనే ఎక్కుతా."

"నడిపేదానివి నువ్వు. నన్నెందుకు అడగడం," అన్నారు మామగారు. ఆ మాట నెల రోజుల కిందటే అని ఉంటే బల్ల మీద అన్నం తినేవాళ్లు.

ఏసీ బండిని తాళ్లేసి వెనక్కి లాగించి, పగిలిన అద్దం డబ్బు బావగారి దగ్గర వసూలు చేసుకుని మరీ తీసుకుపోయాడు తెల్లచొక్కా. పొట్టి బండి వచ్చిన రోజున ఆమె టైర్లలో నీళ్లు నింపించి, బెల్టు బిగించుకుని, కింది అడవిలోకి దిగి, మొదటి దుంగని వెనక కట్టుకుని సందు దగ్గరికి పైకి వచ్చింది. బావగారు సెలవు పెట్టి మరీ వచ్చి జోడుచెట్ల పక్కన నిలబడ్డారు. సామిల్లు నుంచి వచ్చిన మనిషికి చెయ్యి ఊపుతూ వివరిస్తున్నారు.

"చాలా ఆలోచించి ఎంచుకున్నాం. అసలు అడవి పనికి క్యాబిను పనికిరాదండీ. అందరూ చేసే తప్పేంటంటే చెట్టు సందుని ఛాతీ దగ్గర కొలుస్తారు."

ఆమెకి అన్నీ వినపడ్డాయి. తల తిప్పలేదు. కుడి టైరుకి, వేరుకి మధ్య బెత్తెడు. ఎడమన బెత్తెడు. బండి సందు దాటింది. వెనక దుంగ కూడా బెరడు రాలకుండా దాటింది.

ఇంటి ముందుకి వచ్చేసరికి కిటికీ దగ్గర మంచం మీంచి భర్త గొంతు వినపడింది.

"ఏమే, చట్రం ఎత్తే ఉంచావా?"

"దీన్ని మడవడం కుదరదు," అంది ఆమె. "మీలాంటివాళ్ల కోసమే అలా చేసి పెట్టారు."

లోపలి నుంచి చాలా రోజులకి మొదటిసారి ఆయన నవ్వడం వినపడింది. ఆమె ఇంజిను ఆపకుండానే దుంగ విప్పి, రెండో దానికోసం బండి వెనక్కి తిప్పింది.