సోమవారం ఊపిరి

యంత్రం ఆగలేదు గాని మేస్త్రీ ఆగిపోయాడు. దూది ఏకే గదిలో గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరిచి నిలబడ్డాడు. ఛాతీ మీద ఎవరో బస్తా దింపి, ఎత్తడం మరిచిపోయినట్టుంది. మీసం మీద, కనురెప్పల మీద, చెవుల్లో తెల్లటి నూగు.

"నిన్న సెలవు తిన్నావుగా అన్నా, ఇవాళ వడ్డీ కట్టు," అన్నాడు పక్క యంత్రం వాడు. నవ్వబోయి తనూ దగ్గాడు.

ఆ గదిలో అందరి నమ్మకమూ అదే. సెలవు రోజున ఒళ్లు బద్ధకిస్తుంది, మర్నాడు ఊపిరి పట్టేస్తుంది, పని చేస్తూ పోతే వారం చివరికి సర్దుకుంటుంది. అందుకే మేస్త్రీ ఏడాదిగా చాలా సెలవు రోజుల్లోనూ వచ్చి యంత్రాలు తుడిచాడు. జబ్బుకు మందు జబ్బు దగ్గరే కొన్నాడు.

పోయిన నెల మరమ్మతులని మిల్లు రెండు వారాలు మూశారు. ఆ రోజుల్లో అతను మూడో అంతస్తులోని తమ గదికి ఎక్కడా ఆగకుండా ఎక్కాడు. భార్య అది చూసి మనసులో పెట్టుకుంది. వీధి మొగలో పాతబట్టలు అమ్మే మనిషి ఆమె. ఏ చొక్కా అయినా వెలుతురుకు ఎత్తి చూడందే కొనదు.

ఆ సాయంత్రం ఆమె తమ్ముడు వచ్చాడు. మిల్లులో మేస్త్రీ పనిచేసే గదికి అతనే సూపర్‌వైజరు. చేతిలో పళ్లు. అతను పళ్లు తేవడం ఆమెకు గుర్తులేదు.

"వచ్చే సోమవారం కంపెనీ డాక్టరు వస్తున్నాడు బావా. పొద్దున్నే, డ్యూటీకి ముందే, ఊపిరి కొలిచే గొట్టంలో ఊదాలి. ఛాతీ పాడయిందని తేలితే ప్యాకింగుకు మారుస్తారు, ఇదే జీతం. బాగుందని తేలితే ఇక గది మార్చమన్న మాట ఎత్తకూడదు. ముందురోజు మాత్రం పనిలోకి రాకు. హాయిగా పడుకో."

"సెలవు రోజున కూడా రమ్మని కబురు పెట్టేవాడివి, ఇప్పుడు పడుకోమంటావేంట్రా?" అంది అక్క.

"నీకు మంచి చెప్పినా అనుమానమే అక్కా."

"మంచి దానంతటది ఇంటికొస్తే తలుపు సందులోంచి చూడాలి. ఎద్దును కొనేవాడు కాడి కట్టి చూస్తాడా, మేపి పడుకోబెట్టి చూస్తాడా?"

తమ్ముడు టీ గ్లాసు అడుగు చూశాడు. "నాకేం తెలుసు. పైవాళ్లు చెప్పారు, చెప్పాను. ఇది తేడా వస్తే నా మెడకే చుట్టుకుంటుంది."

అతను వెళ్లాక మేస్త్రీ అన్నాడు, "వాడు మన మనిషేనే."

"మన మనిషే. జీతమిచ్చేవాడు వేరు," అందామె. "పని దిగాక ఊదుతానని అడుగు. ఒప్పుకుంటే నా అనుమానం కడిగేసుకుంటా."

మళ్లీ సోమవారం వచ్చింది. డాక్టరు గదిలో బల్ల, గొట్టం, గోడవారగా వరుసలో పనివాళ్లు. గుమ్మంలో బావమరిది. డాక్టరు మర్యాదస్తుడు; కూర్చోమన్నాడు.

"రాత్రి బాగా నిద్ర పట్టిందా?"

"పట్టిందండీ. నిన్నంతా పడుకున్నాను. మెట్లు కూడా ఆగకుండా దిగాను."

"మంచిది. గట్టిగా పీల్చి ఊదండి."

మేస్త్రీ గొట్టం అందుకున్నాడు. ఛాతీ నిజంగానే తేలిగ్గా ఉంది. ఇప్పుడు ఊదితే ఆరోగ్యవంతుడే. ఆ ఆరోగ్యంతోనే మిగతా ఆయుష్షంతా ఆ గదిలో గడపాలి.

గొట్టం బల్ల మీద పెట్టేశాడు.

"సాయంత్రం ఊదుతానండీ. పని దిగాక."

"సాయంత్రం నేనుండను."

"మా ఆవిడా అదే అంది."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. "బావా, పరువు తీయకు, ఊదెయ్," అన్నాడు గుమ్మంలోంచి బావమరిది. గొంతు బతిమాలుతున్నట్టే ఉంది.

"పరువు నీ దగ్గరే ఉంచరా. ఊపిరి నాది."

డాక్టరు గొట్టం తుడిచి, తరువాతి వాడికి చాచాడు. పక్క యంత్రం వాడే. సెలవుకు వడ్డీ కట్టమన్నవాడు. వాడు మేస్త్రీ వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. సైరన్ మోగింది. గోడ అవతల యంత్రాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. తలుపు కింద నుంచి నూగు లోపలికి రావడం మొదలైంది.

గొట్టం డాక్టరు చేతిలోనే ఉంది. వాడు ఇంకా నోరు తెరవలేదు.