మూడో గ్లాసు

స్నానం చేసి, తడి జుట్టుకు తువాలు చుట్టుకొని, వాసంతి బియ్యం డబ్బా మూత తీసింది. రోజూ పొద్దున ఆమె చేసే మొదటి పని అది. పిడికెడు బియ్యం తీసి, గూట్లో మల్లన్న పటం ముందున్న చిన్న కుండలో వేయాలి. కుండ నిండాక కొమురవెల్లికి తీసుకుపోయి, ఆ బియ్యంతోనే బోనం వండాలి. అత్తగారింటి పద్ధతి అది.

చెయ్యి లోపలికి పెట్టింది. అడుగు తగలలేదు.

ఇరవై ఏడో తారీకు. మామూలుగా ఈపాటికి రేకు డబ్బాను పక్కకు వంచి పళ్లెంతో గీకాలి. ఆ గరగరను ఆమె భర్త బుచ్చిరాములు నెలాఖరు చప్పుడు అంటాడు. ఇవాళ మోచేతి దాకా బియ్యమే. వారం రోజులుగా చూస్తూనే ఉంది. మొదట సంతోషపడింది. నిన్న మొన్నటి నుంచి ఆ బియ్యంలో చెయ్యి పెట్టాలంటే భయమేస్తోంది.

పిడికెడు తీసి కుండలో వేసింది. దండం పెడదామంటే, ఏమని పెట్టాలో తెలియలేదు.

తార్నాకలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ కింద, సెల్లార్‌లో ఒక మూల ఉన్న గది వాళ్లది. బుచ్చిరాములు అక్కడే వాచ్‌మన్. వాసంతి యూనివర్సిటీ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ మెస్సులో పని చేస్తుంది. మూడో మనిషి బుచ్చిరాములు అక్క కొమురవ్వ. భర్త పోయాక తొమ్మిదేళ్ల కింద చేర్యాల దగ్గరి ఊరి నుంచి వచ్చింది. పిల్లలు లేరు.

రేషన్ కార్డులో మూడు పేర్లు. మనిషికి ఆరు కిలోల చొప్పున పద్దెనిమిది కిలోలు. ఇంట్లో ఒక పాత స్టీలు గ్లాసు ఉంది. రోజుకు మనిషికి ఒక గ్లాసు. సాయంత్రం ఒకేసారి వండుతారు, మిగిలింది పొద్దున సద్ది. గ్లాసు లెక్కన సరిగ్గా ముప్పై రోజులు రావాలి. మల్లన్న పిడికెడు తీస్తే రెండు రోజులు తగ్గుతాయి. ఎవరైనా ఇంటికి వస్తే ఇంకో రెండు. కూరలు ఎట్లాగో సర్దుతుంది. ఏ రోజు ఏం వండాలో ఆదివారమే అనుకుంటుంది. సోమవారం పెసరపప్పు, మంగళవారం టమాట చారు, గురువారం పచ్చిపులుసు. దానికి పొయ్యి ముట్టించే పని లేదు, గ్యాసు మిగులుతుంది. బియ్యం దగ్గరే ఆమె తెలివి పనిచేయదు. ప్రతి నెలా చివర్లో భానుప్రకాశ్ కొట్లో రెండు కిలోలు కొనాల్సి వస్తుంది.

దేవుడికి తీసే పిడికెడుతోనే రెండు రోజులు కొరత పడుతుంటే, ఆ రెండు రోజులు నింపమని మళ్లీ దేవుణ్ణే అడగడం ఏమిటని ఆమెకు అప్పుడప్పుడు అనిపించేది. ఒకసారి కొమురవ్వతో అంటే ఆవిడ నవ్వింది. “తీస్కునేది ఆయన, ఇచ్చేది ఆయన. నడుమ నీకేంది పిల్లా నొప్పి?”

ఈ నెల ఒకటో తారీకున బియ్యం తెచ్చి డబ్బాలో పోశాక, వాసంతి పటం ముందు నిలబడి పైకే మొక్కుకుంది. ఈ ఒక్క నెలైనా బియ్యం కొననివ్వకు స్వామీ, నెలాఖరు దాకా అందేటట్టు చూడు అని. వెనకాల కొమురవ్వ ఊడుస్తోంది.

బియ్యం అందుతున్నాయి. అందడమే కాదు, మిగులుతున్నాయి.

చీకటి విడవకముందే వాసంతి బయలుదేరింది. కొమురవ్వ గోడవైపు తిరిగి పడుకొని ఉంది, దుప్పటి మెడ దాకా. రోజూ ఇంతే. ఈమె వెళ్లేటప్పుడు ఆవిడ పడుకొని ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి ఆవిడ వంట చేసేసి ఉంటుంది. ఆవిడ కంచం కడిగి బోర్లించి ఉంటుంది. దీపం పెట్టగానే తిన్నానని, ఆలస్యమైతే తనకు అరగదని చెబుతుంది. భార్యాభర్తలిద్దరూ గిన్నెలో ఉన్నది పెట్టుకొని తింటారు.

మెస్సులో ఉప్మా వడ్డించడం అయ్యాక పద్మశ్రీ పక్కన కూర్చొని వంకాయలు తరిగింది. పద్మశ్రీ ఆమెకంటే చిన్నది, కూరగాయల దగ్గరే పని. పోయిన వారం బియ్యం సంగతి వాసంతి సంబరంగా ఈమెకే చెప్పింది. అప్పటి నుంచి పద్మశ్రీకి అదొక ఆట అయింది.

“ఏమక్కా, మీ డబ్బా ఇయ్యాల ఎంత పెరిగింది? మా ఇంటికి గూడ జర పంపు మీ మల్లన్నను.”

వాసంతి ఇంకో వంకాయ తీసుకుంది. ఎదురుగా పెద్ద వంటాయన పేరయ్య పొయ్యి దగ్గర నిలబడి ఎసరు చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ హాస్టల్లో వండుతున్న మనిషి. పిల్లలు తిన్నాక ఎంగిలి డ్రమ్ములోకి తొంగి చూసి, పరీక్షలు ఎప్పుడో, ఏ గదిలో జ్వరాలున్నాయో చెప్పేస్తాడు. పద్మశ్రీ మాట విని ఆయన గరిటె పక్కన పెట్టాడు.

“ఇంట్ల ఎంతమంది?”

“ముగ్గురం.”

“బియ్యం ఊకెనే మిగలదమ్మా. వంట బాగలేకనన్న మిగలాలె, తినేటోళ్లు తగ్గన్న మిగలాలె. ఎవలు తింటలేరో చూసుకో.”

ఆయన మళ్లీ ఎసరు వైపు తిరిగాడు. చెప్పింది మామూలు మాటే. కానీ వాసంతి చేతిలో కత్తి ఆగిపోయింది. మెస్సులో నాలుగు వందల కంచాలు చూసే తను ఇంట్లో ఒక్క కంచం చూడలేదు. బోర్లించిన కంచాన్ని చూసి తిన్నదనుకుంది. ఇంకా లోతుకు పోయిన కొద్దీ భయం పెరిగింది. మొన్న ఆదివారం నీళ్ల బిందె ఎత్తబోతే కొమురవ్వ చేతి కడియం మోచేతి దాకా జారిపోయింది. తను చూసింది. చూసి, కడియం పాతబడి వదులైందేమో అనుకుంది.

మధ్యాహ్నం వడ్డన కాగానే సూపర్‌వైజరును బతిమాలి బయటపడింది.

క్యాంపస్ రోడ్డు మీద ఎండ. చెట్ల కింద పిల్లలు పుస్తకాలు పట్టుకొని అటూ ఇటూ తిరుగుతూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. గేటు దాటి తార్నాక వైపు నడుస్తుంటే ఒక లెక్క తనంతట తానే తలలోకి వచ్చింది. కార్డులో ఒక పేరు పోతే ఆరు కిలోలు పోతాయి. అప్పుడు రెండు గ్లాసులు, పన్నెండు కిలోలు.

వాసంతి మెట్రో స్తంభం నీడలో ఆగిపోయింది. తనకు ఈ లెక్క ఎట్లా వచ్చింది? అడగకుండానే వచ్చింది. అంటే ఒకటో తారీకున తను అడిగింది కూడా ఇదేనా? దేవుడు బియ్యం పెంచలేదు, మనిషిని తగ్గిస్తున్నాడు. అట్లా తీరుస్తాడా మొక్కు? తీర్చే దేవుడే అయితే, అడిగిన నోటిదా తప్పు, విన్న చెవిదా? ఆమెకు చదువు ఏడో తరగతి. ఇటువంటివి ఎవరిని అడగాలో తెలియదు. చెంపలు వేసుకొని నడిచింది.

భానుప్రకాశ్ కొట్లో పావుకిలో సగ్గుబియ్యం, పాల ప్యాకెట్టు తీసుకుంది. అతను తూకం వేస్తూ ఊరుకోలేదు. “ఈ నెల మా బియ్యం జోలికే వస్తలేవేంది అక్కా? సెల్లార్ల నాట్లేసిన్రా ఏంది?”

ఆమె చిల్లర తీసుకోకుండానే వచ్చేసింది.

గదిలో కొమురవ్వ గోడకు ఆనుకొని చాటలో పప్పు ఏరుతోంది. వెలుతురులో ఆవిడను చూసి ఎన్నాళ్లయిందో. జాకెట్టు చేతులు వేలాడుతున్నాయి. మెడ ఎముకల దగ్గర గుంటలు. ఇంత తొందరగా వచ్చావేమని అడిగింది. వాసంతి సద్దన్నం మెత్తగా పిసికి, పాలు పోసి, కంచం ఆవిడ ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“తిను వదినా. నా ముందట తిను.”

కొమురవ్వ ఆమె ముఖం చూసింది. తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మింగబోయేసరికి మెడ నరాలు తాళ్లలా లేచాయి. ముద్ద దిగలేదు. కొంగులోకి ఊసి, కళ్లు తుడుచుకుంది.

“గొంతు దిగుతలేదు పిల్లా. రెండు నెలలాయె. ఈ నెల మొత్తానికే బందయింది. గంజి తాగుతున్న.”

“మరి చెప్పొద్దా?”

“చెప్తే దావఖాన అంటరు. వాడు గేటు ఇడ్శి, నువ్వు పని ఇడ్శి తిరగాలె.” కాసేపు ఊపిరి తీసుకొని నవ్వబోయింది. “నువ్వు మల్లన్నకు మొక్కంగ ఇన్న. ఎట్లాగూ తినని గ్లాసే గద. నీ మొక్కు తీరె, కార్డుల నా పేరు పోకపాయె.”

వాసంతి ఆవిడ కాళ్లు పట్టుకుంది. “నా మొక్కు నీకు తాకింది వదినా.”

“ఏ, ఊకో. నాకు రోగం నీ మొక్కు కంటె ముందే వచ్చింది. ఆయనకేం పనిలేదా, నీ బియ్యం కోసం నా గొంతు పట్టుకుంటడా?”

ఆ మాటకు వాసంతికి కొంచెం ధైర్యం రావాలి. రాలేదు. బుచ్చిరాములును పిలిచింది. అతను గుమ్మంలో నిలబడి, అంతా విని, అక్క వైపు చూడలేక చెప్పుల వైపు చూశాడు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పోదామని, ఆటో మాట్లాడి వస్తానని వెళ్లాడు.

దీపం వేళకు వాసంతి పొయ్యి మీద సగ్గుబియ్యం జావ పెట్టింది. కొమురవ్వ చేత్తో నేల ఆనుకుంటూ జరిగి బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది.

“నేను కొలుస్తా లే వదినా.”

“నీకు నెల కొలతనే వస్తలేదు, పూట కొలత వస్తదా? జరుగు.”

ఆ ఇంట్లో బియ్యం కొలవడానికి ఒక కట్టుబాటు ఉంది. కొమురవ్వే నేర్పింది. మనిషి ఇంట్లో ఉండగా కొలత తగ్గించకూడదు. ఒక్కపొద్దు ఉన్నా సరే, ఆ మనిషి గ్లాసు నిండా కొలిచి పక్కన పెట్టాలి. పొయ్యి మీద అన్నం ఎసరు పొంగాక తిరిగి డబ్బాలో పోయాలి. ఈ నెలంతా ఆవిడ తన గ్లాసును రోజూ అట్లాగే కొలిచి, అట్లాగే పోసేస్తోందని వాసంతికి ఇప్పుడు అర్థమైంది.

జావ అడుగంటకుండా కలుపుతుంటే వెనక గిన్నెలో ఒక గ్లాసు పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత రెండోది. ఆ తర్వాత డబ్బా మూత పెట్టిన చప్పుడు.

వాసంతి జావ దించి, గిన్నెలో పోసి, కొంగుతో విసిరి చల్లార్చింది. తిరిగి చూస్తే కొమురవ్వ గోడకు తల ఆనించి కళ్లు మూసుకొని ఉంది. అలిసిందనుకొని, ఇంకాస్త చల్లారనిచ్చింది. వేలు ముంచి చూసింది. గోరువెచ్చగా ఉంది. గొంతుకు ఇబ్బంది లేదు.

“వదినా, జావ.”

మళ్లీ పిలిచింది. చెయ్యి పట్టుకుంది. అరచేతికి బియ్యపు తెల్లపొడి అంటి ఉంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

బుచ్చిరాములు పరుగున వచ్చాడు. పై అంతస్తుల వాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చారు. ఎవరో చాప పరిచారు. ఎవరో పొయ్యి ఆర్పారు. పడుకోబెట్టడానికి చోటు చాలదని ఒకాయన బియ్యం డబ్బా జరపబోతే, వాసంతి అడ్డంగా చెయ్యి పెట్టింది.

డబ్బా మూత మీద మూడో గ్లాసు ఉంది, నిండా బియ్యంతో, పైన అరచేత్తో చదును చేసి.