సిలాసు మోసిన బేసు

బీదర్‌ల ఇంట్ల హోమ్ థియేటర్ పెట్టుకున్నోళ్ళందరికి సిలాసు ఎరుకే. డబ్బాలు అమ్మేటోడు వేరే, వైర్లు గుంజేటోడు వేరే. అన్నీ అయినంక "ఇంత పెద్ద సిస్టం తెచ్చినం గని మజా వస్తలేదు" అని నెత్తి పట్టుకున్నప్పుడు సిలాసుకు ఫోన్ చేస్తరు. యాభై ఏడేండ్ల మనిషి. భుజానికి ఒక చేసంచి, చేతిల పది లీటర్ల పాల క్యాను. పొయ్యేటప్పుడు క్యాను ఖాళీగ ఉంటది, వచ్చేటప్పుడు అండ్ల బేసు, అంటే స్పీకర్ల దడదడలాడే మోటు మోత, ఉంటది.

మరి ఇంట్ల బేసు తగ్గిస్తే ఆ తగ్గిన బేసు యాడికి పోవాలె? నాబ్ తిప్పంగనే మాయమైతదా? పోయి మూలల కూసుంటది, సోఫా కింద పేరుకుంటది. తియ్యకుంటే నాలుగు దినాలకు గోడలకు చెమ్మ లెక్క పట్టి, ఇంట్లోళ్ళ కడుపులల్ల గడబిడ చేస్తది. అందుకని సిలాసు క్యాను మూతి మూలకు ఆనిచ్చి, గోడకు రెండు తట్లు తట్టి, నింపుకోని, రబ్బరు మూత బిగిస్తడు. మన్నళ్ళి రోడ్డు మీద పాత ఎర్రరాయి గని ఉన్నది, అండ్ల పారబోస్తడు. ఆ రాయి ఎంత పోసినా గుంజుకుంటది.

మన్నళ్ళోళ్ళు పెండ్లిళ్ళప్పుడు డప్పులకు కావాల్నని చెంబెడు చెంబెడు అడుక్కపోతరు. అట్లనే ఒకసారి ఆ ఊరి పీరప్ప దూప మీద నీళ్ళనుకోని రెండు గుటకలు మింగిండు. పన్నెండేండ్లాయె, ఇప్పటికీ ఆయన గొంతు నేల మీదికెళ్ళి లేస్తలేదు. బర్రెను పిలిస్తె పక్క చేను బర్రె సుత వస్తది.

ముప్పై ఏండ్ల సంది చేస్తున్న పని. ఇప్పుడు సిలాసు మోకాళ్ళు మొరాయిస్తున్నయి, కుడి భుజం క్యాను దిక్కు ఒరిగిపోయింది. గొంతు ఒక్కటే ముసలిది కాలే. ఆదివారం చర్చిల అందరు పాటల కింది వరుస మోటుగ పాడుతుంటే, మీది వరుస సన్నగ, సాఫుగ అందుకునేటోడు సిలాసు ఒక్కడే. వారమంత ఆ ఒక్క గంట కోసం బతుకుతడన్నట్టే.

ఇంట్ల మాత్రం ఆ గొంతు పనికొస్తలేదు. ఆయన భార్య దీనాకు రెండేండ్ల సంది చెవులు మందగించినయి. "సన్నటి శబ్దాలు పోయినయి, మోటువి మిగిలినయి," అని డాక్టరు చెప్పిండు. చెవి మిషన్ పెడితే కీచుమంటున్నదని తీసి బియ్యం డబ్బల పారేసింది. ఇగ సిలాసు ఏం చేస్తడు? ఎవలైనా చేసేదే చేసిండు. గొంతు పెంచిండు. అందకపోతే ఇంకా పెంచిండు.

ఆ శుక్రవారం పొద్దుగాల గూడ అంతే.

"ఇయ్యాల జల్ది వస్త," అన్నడు.

"ఆఁ?"

"జల్ది వస్త!"

దీనా ఆయన పెదవుల దిక్కు చూసి తల అడ్డంగ ఊపింది. మూడోసారి మెడ నరాలు ఉబ్బేటట్టు అరిసిండు. పక్కింటోళ్ళ కుక్క మొరిగింది గని దీనాకు అందలే. ఆమె టీ గిలాస ఆయన ముందట పెట్టి, మంచం కిందికెళ్ళి బట్టల సంచి బయటికి గుంజింది.

"రేపు పొద్దుటి బస్సుకు చిట్గుప్ప పోత," అన్నది. "మా దయక్క కాడనే ఉంట. ఆమెకు సుత ఇనరాదు. ఇద్దరం సైగల మీద ఎల్లదీస్తం. ఆడ నా మీద అరిసేటోళ్ళు ఉండరు."

"మల్ల ఎప్పుడొస్తవ్?" అని అడిగిండు సిలాసు. ఆమెకు ఇనరాలే. ఇంకోసారి అడుగుదామంటే ఆయనకు ఓపిక లేకపాయె. క్యాను అందుకోని బయటికొచ్చిండు.

గల్లీ మలుపుల అంబాదాస్ ఆటో నిలబెట్టుకోని ఉన్నడు. "అన్నా, వచ్చేటప్పుడు క్యాను నిండుతదా? నిండితే నడుమిట్ల పెట్టు. మొన్న పక్కకు పెడితే అద్దం నట్లు ఊడినయి," అన్నడు.

"పోయి చూస్తెనే ఎరుక," అని సిలాసు ఎనకకు ఒరిగి కండ్లు మూసుకున్నడు. రేపీపాటికి ఇంట్ల టీ పెట్టేటోళ్ళు ఉండరని యాదికొచ్చి మల్ల తెరిసిండు.

ఆ దినం పిలిచిన భీమ్‌రావ్ ఇల్లు కొత్త కాలనీల ఉన్నది. సిమెంటు దుకాణం ఆయనది. తల్లి తాయవ్వ పొద్దంత టీవీ ముందట కూసుంటదని ఆమె కోసమే సిస్టం పెట్టించిండు.

"అవ్వకు మాటలు ఇనొస్తలేవన్నా," అన్నడు భీమ్‌రావ్. "బేసు సుత ఫుల్ చేసిన. కిటికీలు వణుకుతున్నయి గని ఆమెకు ఒక్క ముక్క అర్థమైతలేదు. పరేషానైంది."

"నాయినా, ఆ డబ్బ నా మీదికి కయ్యానికొచ్చినట్టు లేస్తది," అన్నది తాయవ్వ సోఫాలకెళ్ళి. "నాతోని మాట్లాడదు."

సిలాసు బేసు పలికే పెద్ద డబ్బ సబ్‌వూఫర్ ఎనకకు వంగి చూసిండు. మోత పెంచే లెవెల్ నాబ్ ఆఖరు దాంక తిరిగున్నది. పక్కన క్రాసోవర్ నాబ్, ఏ శబ్దం ఏ డబ్బకు పోవాల్నో కోసేది, అరవై కాడ ఉన్నది. డబ్బలన్నిటికి సౌండు పంచే రిసీవర్ల చూస్తే క్రాసోవర్ నూట ఇరవై అని ఉన్నది.

"ఇవి ఎవలు తిప్పిన్రు?"

"నేనే. ఫోన్ల వీడియో చూసి."

"శభాష్! నూట ఇరవై కిందిదంత పెద్ద డబ్బకు తోలుతున్నవ్. పెద్ద డబ్బేమో అరవై మీదిది ముట్టనంటాంది. మరి నడుమిట్లది ఎవలు పలకాలె? మొగోళ్ళ గొంతు ఉండేదే ఆడ. దాన్ని గాలికి వదిలేసి, మోత పెంచుకుంట కూసున్నవ్."

భీమ్‌రావ్ మెడ గోక్కున్నడు.

సిలాసు తాయవ్వను కుర్చీల కూసోబెట్టి, ఆమె జాగల సోఫా మీద సబ్‌వూఫర్‌ను పెట్టిండు. బేసు నడిపి, తను గోడల పొంటి మోకాళ్ళ మీద పాకుకుంట, చెవి కిందికి పెట్టి ఇనుకుంట పోయిండు. యాడ బేసు ముద్దగ కాకుండ సాఫుగ ఇనొస్తదో డబ్బ జాగ అదే. మంచి మోకాళ్ళున్నోళ్ళు కనిపెట్టిన పద్ధతి.

"ఈ వయసుల పసిపోరని లెక్క పాకుతున్నవేందయ్యా," అని తాయవ్వ పకపక నవ్వింది. సిలాసుకు సుత నవ్వొచ్చింది గని, నవ్వితే నడుము పట్టుకుంటదని ఆపుకున్నడు.

టీవీ స్టాండు ఎడమదిక్కు జాగ కుదిరింది. డబ్బను ఆడికి జరిపి, దాని క్రాసోవర్ నాబ్ ఆఖరు దాంక తిప్పి, కోసే పని రిసీవర్ ఒక్కదానికే అప్పజెప్పి ఎనభై కాడ పెట్టిండు. లెవెల్ సగానికి దించిండు. దించంగనే మిగిలిన బేసు దడదడ మూలలకు ఉరికింది. భీమ్‌రావ్ భార్య సవిత అడగకముందే కుర్చీలు పక్కకు జరిపి తొవ్వ ఇచ్చింది. సిలాసు నాలుగు మూలలు తిరిగి క్యాను నింపుకున్నడు.

టీవీల ఎవలో ముసలాయన ముచ్చట చెప్తుండు. తాయవ్వ మెడ ముందుకు చాపింది.

"అగో! ఇనొస్తాంది. ఎడ్లు తప్పిపోయినయంట పాపం." ఆమె సిలాసు దిక్కు తిరిగింది. "సౌండు తగ్గించినవ్ గదా నాయినా, తగ్గిస్తే ఎట్ల ఇనొచ్చింది?"

"పెంచితే ఏమొస్తదవ్వా? నీ చెవికి యాడ అందుతదో ఆడికి మాట దిగిరావాలె," అన్నడు సిలాసు.

అని, తన నోట్లకెళ్ళి వచ్చిన మాట తనే ఇని నిలబడిపోయిండు. లెవెల్ ముట్టకున్రి, ముందుగాల క్రాసోవర్ చూడున్రి అని ఊరంత చెప్పుకుంట తిరిగినోడు, తన ఇంట్ల రెండేండ్ల సంది లెవెల్ నాబే తిప్పుతుండు. ఛీ, నా బతుకు పాడుగాను అనుకున్నడు. ఏడుపొచ్చింది, సిగ్గు సుత అయింది. సవిత చాయ్ పెడతానంటే వద్దని బయటపడ్డడు.

"గని కాడికే గదా అన్నా?" అన్నడు అంబాదాస్.

"కాదు, ఇంటికి పోనియ్."

"క్యాను నిండుగున్నది."

"ఉండనియ్."

ఇంటికొచ్చేటాలకు పొద్దు ఇంకా గూకలే. దీనా వాకిలి దిక్కు వీపు పెట్టి మంచం మీద కూసోని చీరలు మడత పెడుతున్నది. సంచి సగం నిండింది. సిలాసు చప్పుడు కాకుండ వంటింట్లకు పోయి క్యాను మూత తీసిండు. గూట్ల గిలాసలన్ని గలగలమన్నయి.

పీరప్ప యాదికొచ్చిండు. ఎల్లుండి ఆదివారమని యాదికొచ్చింది. గోడ దిక్కు తిరిగి, పాట మీది వరుస ఒకటి మెల్లగ పాడుకున్నడు. గొంతు ఎంత సాఫుగ ఉన్నది! యాడన్న జీర ఉంటే పోగొట్టుకునేటందుకు జర నిమ్మళంగ ఉండేది. ఆఖరు దాంక పాడుకోని, గిలాస ముంచుకోని తాగిండు. తడిసిన ఎర్రమట్టి రుచి. ఛాతి ఎముకలు ఒక్కొక్కటి అదురుకుంట లోపలికి దిగింది. ఇంకో గిలాస గూడ తాగిండు.

వాకిలి కాడ నిలబడి, అరవకుండ, పక్కన కూసున్న మనిషిని పిలిచినట్టు పిలిచిండు.

"దీనా."

చీర మడత పెడుతున్న చెయ్యి ఆగింది. ఆమె ఎనకకు తిరిగింది. ఆయన పెదవులు చూడకముందే తిరిగింది.

"మల్లొకసారి అను."

"దీనా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చింది. ఏడ్చుకుంటనే సంచి పక్కకు జరిపి జాగ ఇచ్చింది. సిలాసు పక్కన కూసున్నడు.

"క్యానుది తాగినవా?" అని అడిగింది.

"ఆఁ."

"మరి ఆదివారం పాట?"

"ఎనక వరుసల కూసుంట. మోటు గొంతులోళ్ళు సుత కావాలె గదా."

దీనా ఆయన గొంతు మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"రెండేండ్ల సంది ఒకటి అడగాల్నని ఉన్నది," అన్నది. "జవాబు ఇనరాదని అడగలే. నేనేం తప్పు చేసిన్నని నా మీద గంత కోపం? పొద్దున లేస్తె అరుసుడే, పండెటాలకు అరుసుడే. నీ మొఖం చూడాల్నంటే భయమైతుండె."

"కోపం చెయ్యలే దీనా," అన్నడు సిలాసు. "పిలిచిన. నీకు అందుతదేమోనని పిలిచిన."

ఆమె ఆయన మొఖం దిక్కు చాన సేపు చూసింది. తర్వాత సంచి మీదున్న చీర తీస్కపోయి బీరువల పెట్టి, వచ్చి రెండోది అందుకున్నది.

"ఇంకేమేం అన్నవ్ ఈ రెండేండ్లు?" అన్నది. "అన్ని మల్ల చెప్పు."