వంకాయ రంగు గీతలు

"నీళ్లు కాగినయి. నెత్తిమీదికెల్లి పోసుకొని పొయ్యి కాడికి పో పిల్లా," అంది అత్త వెంకటమ్మ, కోడలు ఇంద్రమ్మ ఇంకా చెప్పులైనా విడవకముందే.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, తాండూరు. ఏడాది కిందట క్యాన్సరని ఇంద్రమ్మకు గర్భసంచి తీసేశారు. అయినా రోగం తిరిగొచ్చింది. ఇప్పుడు పట్నం దవాఖానలో మిషను కింద పడుకోబెట్టి కరెంటు పెడుతున్నారు. వారమంతా అక్కడే, శనివారం రైలుబండికి ఇంటికి. పొత్తికడుపు మీద వంకాయ రంగు గీతలు గీసి, వాటికి నీళ్లు తగలనీయొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈ ఇంట్లోనేమో తలారా పోసుకోని ఆడది పొయ్యి ముట్టకూడదు. ముట్టకుండా కూర్చోనూ కూడదు!

"గంతదానికే పరేషానెందుకే? కడుక్కో, మల్ల నేను గీస్త," అన్నాడు మొగుడు మల్లయ్య. నాపరాయి గనిలో బండల మీద కోతగీతలు గీసే మనిషి. అతను గీస్తే సుత్తి తగలకముందే బండ భయపడి రెండుగా విడిపోయేదని గనిలో చెప్పుకునేవారు. ఇంద్రమ్మ పోసుకుంది, వండింది, వడ్డించింది, ఆఖరున చాప మీద పడుకుంది. మల్లయ్య కళ్లు చికిలించి సిరాపుల్లతో గీశాడు. బండకు చక్కిలిగింత ఉండదు గనక ఆమె కదల్లేదు.

సోమవారం డాక్టరమ్మ చూసి నెత్తి పట్టుకుంది. "అర అంగుళం పక్కకు గీసిండ్రు. రోగం ఒక దిక్కుంటే కరెంటు ఇంకో దిక్కు పోతది. మళ్లీ ఇట్లయితే నిన్ను బతికించలేనమ్మా."

కొత్తగా గీసి, మిషను కింద పడుకోబెట్టి, అందరూ బయటికి పోయి బరువైన తలుపు మూశారు. పెళ్లయ్యాక తననెవరూ పనికి పిలవని గది ఇదొక్కటే. బల్ల మెల్లగా ఊరి పక్క కాగ్నా నది నీళ్ల మీద తేలింది. ఒడ్డున అత్త నోరు కదులుతోంది గానీ మాట వినబడటం లేదు. పైన ఇనుప చంద్రుడు గుర్రుమంటూ ఆమె కడుపునే చూస్తున్నాడు. ఇంద్రమ్మకు చిన్నగా నవ్వొచ్చింది. బతకాలనిపించింది. ఎవరి ఆకలి కోసమో కాదు, ఊరికే.

ఆ శనివారం బండి వికారాబాద్‌లో ఆగింది. దవాఖానలో పక్క మంచం మహబూబ్‌బీ మూట తీసుకుని, "ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట చెల్లె. జర నువ్వూ దిగరాదు," అంది. ఇంద్రమ్మ తాండూరు పోయే పొరుగింటాయనకు కబురు చెప్పి దిగిపోయింది.

ఆదివారం పొద్దెక్కేసరికి మల్లయ్య మహబూబ్‌బీ ఇంటి గుమ్మంలో ఉన్నాడు. "నీకేమన్న పిచ్చిలేసిందా? వారమంతా వండి వండి అమ్మ నడుం పడిపోయింది. ఇంట్ల బువ్వ ఎవలు వండాలె?"

ఇంద్రమ్మ మంచం మీంచి లేవలేదు.

"నేను సచ్చినంక ఎవలు వండుతరో, గాళ్లను ఇప్పుడే పిలుచుకో."